పాత బీటిల్‌కు నంబరు ప్లేటు: ఏది చట్టానికి నిలుస్తుంది, ఏది బండికి అమరుతుంది

గుంటూరు బ్రాడీపేట నుంచి అడిగినవారి ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. దౌత్య కార్యాలయాల వాళ్లు వాడి వదిలిన విదేశీ కార్లను ఒకప్పుడు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలం వేసేది. వారి మేనమామగారు అలాంటి వేలంలో కొన్న 1968 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇప్పుడు వారి చేతికి వచ్చింది. బండి చాలా ఏళ్ల కిందటే మద్రాసు నుంచి గుంటూరుకు బదిలీ అయింది, మూడక్షరాల పాత ఆంధ్రా నంబరు మీద ఉంది. ముందూ వెనకా నల్ల రేకు మీద తెల్ల పెయింటుతో చేత్తో రాసిన ప్లేట్లే ఇప్పటికీ ఉన్నాయి. మంగళగిరి దారిలో తనిఖీకి ఆపినవారు వాటికి అభ్యంతరం చెప్పారు. ఆ నల్ల ప్లేట్లనే ఉంచుకోవచ్చా, ఇంగ్లండులో పాత కార్లకు వాడే వెండి అక్షరాల ప్లేట్లు తెప్పించి పెట్టవచ్చా, లేక హై సెక్యూరిటీ ప్లేటే వేయించాలా, వేయిస్తే ముందు క్రోమ్ బంపరుకూ, వెనకనుండే ఇంజిన్ మూతకూ కొత్త కన్నాలు పడకుండా ఎలా బిగించాలి అన్నవి వారి సందేహాలు.

విజయవాడ ఆటోనగర్‌లో పాత విదేశీ బళ్లకు పని చేయిస్తూ చాలా కాలంగా ఉన్నవాణ్ని కనుక సూటిగా చెబుతాను. మీ నంబరు మీదే, అది పాతదన్న కారణంతో ఎవరూ మార్చమనరు. ఆ నంబరును మోసే పలక మాత్రం ఇప్పటి నిబంధన చెప్పినట్టు ఉండాలి. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం బండి రిజిస్టరయి ఉంటే చాలదు, రిజిస్ట్రేషన్ గుర్తును నిర్ణీత పద్ధతిలో ప్రదర్శించి ఉండాలి కూడా. ఆ నిర్ణీత పద్ధతి ఏమిటన్నది 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50, 51 సంఖ్యల కింద ఉంది. 39వ సెక్షను అతిక్రమణకు 192వ సెక్షను కింద మొదటిసారి ఐదు వేల రూపాయల దాకా జరిమానా వేసే వీలుంది కాబట్టి, "పాత బండి కదా, చూసీచూడనట్టు వదిలేస్తారులే" అన్న ధీమా మీద తిరగవద్దు.

మీ నల్ల ప్లేట్లు మొదటి నుంచీ తప్పేమీ కావు. 2001లో నిబంధన మారేదాకా మన దేశంలో సొంత వాహనాలన్నింటికీ నల్ల పలక మీద తెల్ల అక్షరాలే ఉండేవి. ఆ తర్వాతే తెల్ల పలక మీద నల్ల అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు నల్ల పలక మీద పసుపు అక్షరాలుంటే అది అద్దెకిచ్చి సొంతంగా నడుపుకొనే బండి, పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ, ఆకుపచ్చ పలకైతే విద్యుత్ వాహనం. నల్ల పలక మీద తెల్ల అక్షరాలకు ఇప్పటి పట్టికలో చోటే లేదు. అందుకే మిమ్మల్ని ఆపిన కుర్ర కానిస్టేబులుకు అది ఏ తరగతి బండో అర్థం కాకపోవడంలో వింత లేదు.

ఇంగ్లండు ప్లేట్ల ఆలోచన మానుకోండి. అక్కడ 1980 జనవరి 1కి ముందు తయారై, చారిత్రక వాహనాల పన్ను తరగతిలో నమోదైన కార్లకు నల్ల పలక మీద వెండి లేదా తెల్ల అక్షరాలు పెట్టుకొనే వెసులుబాటు ఉన్న మాట నిజమే. అది ఆ దేశపు రిజిస్టరులో ఉన్న బండికి ఆ దేశం ఇచ్చిన మినహాయింపు. బండి విదేశంలో పుట్టినంత మాత్రాన ఆ మినహాయింపు దానితోపాటు ఓడెక్కి రాదు. ఎడమ చివర నీలం పట్టీ, దాని మీద యూరపు నక్షత్రాలు, కింద జర్మనీ గుర్తుగా 'డి' అక్షరం వేసి ఇచ్చే అలంకార ప్లేట్ల సంగతీ అంతే. ప్రదర్శనలో బండి ఆగి ఉన్నప్పుడు పక్కన నిలబెట్టుకుంటే ముచ్చటగానే ఉంటాయి, రోడ్డెక్కే ముందు మాత్రం తీసి డిక్కీలో పడేయాలి. అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు అంతర్జాతీయ రూపంలోనే ఉండాలన్నది కూడా నిబంధనే కనుక, మన వైపు కొందరు అభిమానంతో తెలుగు అంకెలు రాయించుకోవడం కూడా చెల్లదు. ఆ అభిమానం నాకూ ఉంది గానీ దాన్ని చూపించుకోవడానికి వెనక అద్దం ఉంది.

ఇక హై సెక్యూరిటీ ప్లేటు, ఇప్పటి నిబంధన కోరే పలక ఇదే. దీన్ని బందరు రోడ్డు పక్కన స్టిక్కర్లు కోసే దుకాణంలో చేయించిన నకలుతో పోల్చి గుర్తుపట్టడం తెలియాలి, ఎందుకంటే పాత కార్ల వాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అసలు ప్లేటు ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు, అంచులు గుండ్రంగా మలిచి ఉంటాయి. ఎడమవైపు పైన 20 మి.మీ. చదరంలో అశోక చక్రం ఉన్న క్రోమియం హోలోగ్రాము వేడి ముద్రతో దిగి ఉంటుంది, దాని కింద నీలం రంగులో ఐఎన్‌డీ అక్షరాలు ఉంటాయి. ఎడమవైపే కింది భాగాన లేజరుతో చెక్కిన శాశ్వత సంఖ్య ఉంటుంది, అది బండి నంబరు కాదు, ఆ ప్లేటుకే చెందిన సంఖ్య. ఉబ్బెత్తు అక్షరాల మీద పూసిన నల్ల పొర మీద ఇండియా అన్న మాట 45 డిగ్రీల వాలులో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నకలు ప్లేటులో హోలోగ్రాము స్థానంలో మెరిసే స్టిక్కరు ఉంటుంది, గోటితో అంచు లేపితే లేచి వస్తుంది. ఆ ప్లేటుకు రవాణా శాఖ రికార్డులో ఏ జాడా ఉండదు కనుక, చూడటానికి ఎంత బాగున్నా అది మీ నల్ల రేకుకంటే మెరుగైనదేమీ కాదు.

ప్లేటుకు డబ్బు కట్టే ముందు సీ బుక్కు సరిచూసుకోండి. ఈ మాట ప్రతివారికీ చెబుతాను, ప్రతివారూ ప్లేటు వచ్చాకే వింటారు. అసలు ప్లేటు తయారయ్యేది ఆన్‌లైన్ రికార్డులో ఉన్న వివరాలను బట్టి. పాత కాగితపు సీ బుక్కు వివరాలు కంప్యూటర్లోకి ఎక్కకపోయి ఉంటే ముందుగా బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాలి. ఎక్కి ఉన్నా, టైపు చేసినవారి చేతిలో అంకె జారిపోయి ఉండవచ్చు. మీ బీటిల్ ఛాసిస్ నంబరు వెనక సీటు ఎత్తితే నేల మధ్యనున్న సొరంగం లాంటి భాగం మీద చెక్కి ఉంటుంది, ముందు డిక్కీలో ఉండే రేకు మీద కూడా ఉంటుంది. 1964 ఆగస్టు తర్వాత నుంచి 1969 మోడల్ దాకా ఆ నంబరులో తొమ్మిది అంకెలు ఉంటాయి: మొదటి రెండూ బండి రకం, మూడోది మోడల్ సంవత్సరపు చివరి అంకె, మిగతా ఆరూ వరుస సంఖ్య. మీది 1968 మోడల్ కారే అయితే మూడో స్థానంలో 8 ఉండాలి. ఎనిమిదే అంకెలు ఎక్కించి ఉన్నా, మూడో అంకె వేరుగా ఉన్నా అక్కడే ఆగండి. ఇంజిన్ నంబరు డైనమో నిలబడే పీఠం కింద, ఇంజిన్ పెట్టె మీద ఉంటుంది. పాత బీటిళ్లకు ఇంజిన్ మార్చడం మామూలే కనుక అది సీ బుక్కుతో కలవకపోతే ఆశ్చర్యపోవద్దు గానీ, ఆ మార్పును రికార్డులో ఎక్కించుకున్న తర్వాతే ప్లేటు సంగతి చూడండి. ఈ రెండు నంబర్ల మీదా కాగితం వేసి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకొని వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారి ముందు మాట సులువవుతుంది.

మీ బండి మొదటిసారి రిజిస్టరయి 50 ఏళ్లు దాటింది కనుక మీకు ఇంకో దారి కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా 81ఏ నుంచి నిబంధనలు చేర్చింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న, 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా ఈ తరగతిలో నమోదయ్యే బండికి రాష్ట్రపు కోడు తర్వాత 'వీఏ' అక్షరాలతో నంబరు వస్తుంది. అప్పటికే మన దేశంలో రిజిస్టరయి ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు, అంటే మీ మూడక్షరాల నంబరు అక్కడా పోదు. కొత్త రిజిస్ట్రేషనుకు ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, తర్వాత మళ్లీ నమోదుకు 5,000. మామూలు తరగతిలోనే ఉండి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకునే దిగుమతి నాలుగు చక్రాల బండికి 2022 ఏప్రిల్ నుంచే 40,000 అయింది, ఆ తర్వాత 20 ఏళ్లు దాటినవాటికి ఇంకా పెంచారు. డబ్బు లెక్క చూస్తే వింటేజ్ తరగతే నయమనిపిస్తుంది. అయితే ఆ తరగతి బండిని రోజువారీ వాడకానికి గానీ వ్యాపారానికి గానీ నడపకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. ఆదివారం పూట పిల్లల్ని ఎక్కించుకొని అమరావతి దాకా వెళ్లి రావాలన్నది మీ కోరికైతే మామూలు తరగతిలోనే ఉండండి. నా మటుకు నేను, కదలకుండా ఉన్న బీటిల్‌కంటే కదిలే బీటిలే ఆరోగ్యంగా ఉంటుందంటాను.

ఇప్పుడు కొలతల సంగతి, ఇదే అసలు పని. కార్లకు హై సెక్యూరిటీ ప్లేటు రెండే కొలతల్లో వస్తుంది: పొడవాటిది 500×120 మి.మీ., రెండు వరుసలది 340×200 మి.మీ. అక్షరాల ఎత్తు 65, గీత మందం 10, అక్షరాల మధ్య ఎడం 10 మి.మీ. ఉండాలి. విదేశీ కార్లతో చిక్కంతా వాటి ప్లేటు గూడు వేరే దేశపు కొలతకు తయారు కావడం వల్లే వస్తుంది. యూరపు పొడవు ప్లేటు 520×110, బ్రిటిషుది 520×111, జపానుది 330×165, అమెరికాది 305×152 మి.మీ. మన పొడవు ప్లేటు యూరపు దానికంటే పొడవులో తక్కువే అయినా ఎత్తులో పది మి.మీ. ఎక్కువ, ఆ పది మి.మీ. గూడు పై అంచుకో దీపానికో తగులుతుంది. మీ అదృష్టం ఏమిటంటే జర్మనీలో రెండు వరుసల ప్లేటు కొలత కూడా 340×200. బీటిల్ ఇంజిన్ మూత మీద ఆ ప్లేటు కూర్చునే చోటు ఉంటుంది, పైనున్న దీపం దాని మీద వెలుగు పడేలా అమర్చినదే. కాబట్టి వెనకకు రెండు వరుసల ప్లేటు, ముందుకు పొడవు ప్లేటు అడగండి. బుకింగ్ చేసేటప్పుడు రెండూ పొడవువే వచ్చేలా నమోదు కాకుండా చూసుకోండి, వచ్చాక మార్పించుకోవడం పెద్ద తిరుగుడు.

ప్లేటు చేతికి రాకముందే మందపాటి అట్టముక్కలు ఈ రెండు కొలతలకూ కోసి, నల్ల స్కెచ్ పెన్నుతో మీ నంబరును 65 మి.మీ. ఎత్తున రాసి, పేపర్ టేపుతో బండికి అంటించండి. ఇంజిన్ మూత పూర్తిగా తెరిచి మూయండి. అంచు బంపరుకు రాసుకుంటుందేమో చూడండి. చీకటి పడ్డాక దీపం వేసి, బండి వెనక పదిహేను మీటర్ల దూరం నడిచి వెళ్లి నిలబడి చదవండి. వెనక ప్లేటు మొత్తం తెల్లని వెలుగులో పదిహేను మీటర్ల నుంచి కనబడాలన్నది కూడా నిబంధనే. చాలామంది ప్లేటు సంగతి చూసి దీపం సంగతి మరిచిపోతారు. బీటిల్‌లో ఈ దీపానికి ఎర్త్ మూత రేకు గుండానే అందుతుంది. బండికి మంచి పెయింటు వేయించాక మూత మడతబందుల దగ్గర రంగు పేరుకొని దీపం మిణుకుమిణుకుమంటుంది, మెకానిక్కు బల్బు మీద బల్బు మారుస్తుంటాడు. మూత నుంచి బాడీకి విడిగా ఒక సన్నని ఎర్త్ వైరు లాగిస్తే ఆ బాధ తీరిపోతుంది. మీ బండిది 6 వోల్టుల వైరింగా 12 వోల్టులదా ముందు తేల్చుకోండి. ఆ కాలంలో రెండు రకాలూ వచ్చాయి.

బిగింపు విషయంలో నా అభిప్రాయం గట్టిది: బండిని ప్లేటుకు తగ్గట్టు కోయకూడదు, రెండింటి మధ్య ఒక పట్టీని చేయించాలి. ప్లేటు బిగించే కుర్రాడు డ్రిల్లు చేతబట్టుకొని వస్తాడు. అతని పని కన్నం పొడిచి, ఒకసారి బిగిస్తే పగలగొట్టకుండా విప్పరాని స్నాప్ లాకు కొట్టి పోవడం, అది యాభై ఏళ్ల క్రోమ్ అని అతనికి పట్టదు. అందుకని అతను రాకముందే మీ పని పూర్తయి ఉండాలి. వెనకకు, మూడు మి.మీ. మందం అల్యూమినియం రేకును ప్లేటుకంటే చుట్టూ రెండు మి.మీ. తక్కువగా లేత్ షాపులో కోయించండి. ఇంజిన్ మూత మీద కంపెనీ ఇచ్చిన కన్నాలు ఉంటాయి. పాత పెయింటు, పుట్టీ కింద పూడిపోయి ఉంటే మూత లోపలి వైపు నుంచి వేలితో తడిమితే దొరుకుతాయి. ఆ కన్నాలకు సరిగ్గా పట్టీకి కన్నాలు పెట్టి, తల రేకులోకి దిగిపోయే స్టెయిన్‌లెస్ మరలతో, మధ్యలో పది మి.మీ. రబ్బరు బుష్షులు వేసి బిగించండి. బుష్షులు ఎందుకంటే, స్నాప్ లాకు తోక పట్టీ వెనక్కి పొడుచుకొస్తుంది, దానికి చోటు కావాలి, పైగా వెనక ఇంజిను కుదుపులు నేరుగా ప్లేటుకు తగలకూడదు. ఇప్పుడు ప్లేటును ఆ పట్టీకే లాకు కొట్టమని చెప్పండి. మరల తలలు ప్లేటు కింద దాగిపోతాయి, నట్లు తాళం వేసిన మూత లోపల ఉంటాయి, లాకు పగలకుండా ప్లేటు బయటికి రాదు. లాకు ఉద్దేశం నెరవేరుతుంది, మూతకు కొత్త కన్నం పడదు. కొత్తగా చేసిన పట్టీ చేతికి వచ్చాక, ప్లేటు పెట్టకముందే, అట్టముక్కను దాని మీద అంటించి దీపం పరీక్ష మరోసారి చేయండి. బుష్షుల వల్ల ప్లేటు పది మి.మీ. బయటికి జరిగిన తర్వాత వెలుగు పై వరుస మీద సరిగ్గా పడుతోందో లేదో తేలుతుంది.

ముందు బంపరు కథ కొంచెం వేరు. 1968 మోడల్ నుంచి చాలా దేశాలకు వెళ్లిన బీటిళ్లకు బల్లపరుపు ముఖమున్న బంపరు వచ్చింది, అంతకుముందుది ఉబ్బెత్తుగా వంగిన రేకు. మీది ఏదైనా సరే, బంపరు మధ్య నుంచి చివరలకు వెనక్కి వంగుతుంది కనుక 500 మి.మీ. ప్లేటు మధ్యలో తగిలి కొసలు గాలిలో ఉంటాయి. ఆ వంపుకు సరిపెట్టడానికి ప్లేటునే వంచే పెద్దమనుషులున్నారు. వంచితే మెరిసే పొర చిట్లుతుంది, హోలోగ్రాము అంచు లేస్తుంది, మర్నాడు చూసినవాడికి అది తారుమారు చేసిన ప్లేటులా కనిపిస్తుంది. బంపరు పై అంచునూ కింది అంచునూ కొక్కెంలా పట్టుకునే రెండు క్లాంపులు చేయించి, వాటి లోపలి వైపు రబ్బరు అతికించి, వాటి మీద తిన్నని పట్టీ బిగించుకుంటే బంపరుకు ఒక్క కన్నం కూడా అక్కర్లేదు. పట్టీ పై అంచు బంపరు పై అంచుకంటే మరీ ఎత్తుకు రాకూడదు, వస్తే ముందు డిక్కీ పిడి కిందికి చేయి పోదు. అల్యూమినియం, క్రోమ్ పూసిన ఇనుము నేరుగా ఆనుకొని మధ్యలో తడి నిలిస్తే అల్యూమినియం తెల్లగా పొడి రాలి తినేసుకుపోతుంది. కృష్ణ ఒడ్డు ఊళ్ల గాలిలో అది తొందరగా జరుగుతుంది, కాబట్టి లోహానికి లోహం తగిలే ప్రతి చోటా రబ్బరో నైలానో ఉండాలి.

బీటిల్‌కు ముందు ప్లేటు వల్ల ఇంజిను వేడెక్కే భయం లేదు, ఇంజిను వెనక ఉంది, గాలితో చల్లబడుతుంది. ఇదే చదివి తమ పాత మెర్సిడెస్‌కో జాగ్వార్‌కో పట్టీ చేయించేవారు మాత్రం బంపరు కింద గాలి దారిని మూసేయకండి. మే నెలలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రేడియేటరుకు అందే కాస్త గాలీ అడ్డుకుంటే ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంది. పాత అమెరికా కార్లలో చాలావాటికి పెట్రోలు మూత వెనక ప్లేటు చాటున ఉంటుంది, ప్లేటు స్ప్రింగు బందు మీద కిందికి వాలుతుంది. 305×152 చోటులో 340×200 ప్లేటు పెడితే అది వాలేటప్పుడు బంపరుకు కొట్టుకుంటుంది. అక్షరాల కొలత లెక్కకడితే 152 మి.మీ. ఎత్తులో రెండు వరుసలు పట్టేస్తాయి గానీ ఆ సైజు హై సెక్యూరిటీ ప్లేటు లేదు కనుక ఎవరైనా "చేసిస్తాం" అంటే నమ్మవద్దు; బందునే కొంచెం కిందికి దించి చేయించుకోవడం మార్గం. తొలి కాలపు మినీల్లో వెనక ప్లేటు డిక్కీ తలుపుకు వేలాడుతూ ఉండేది, తలుపు దించి సామాను వేసుకొని నడిపినా నంబరు నిలువుగా కనబడాలని అలా చేశారు. ఆ బందు పాడు కాకుండా, దాని పలక మీదే కొత్త ప్లేటు లాకు చేయించండి.

పనుల వరుస కూడా ముఖ్యం. టింకరింగు, పెయింటు, క్రోమ్ పాలిషు అన్నీ ముగిశాకే ప్లేట్లు బిగించాలి. లాకు ఒకసారి కొట్టాక విప్పాలంటే పగలగొట్టాల్సిందే, పగిలిన లాకుతో తిరిగితే మళ్లీ అదే తనిఖీ, అదే సంజాయిషీ. ఇంజిను దింపాల్సి వచ్చినప్పుడు మూతను ప్లేటుతో సహా మడతబందుల దగ్గర ఊడదీయమనండి, ప్లేటు జోలికి పోవద్దనండి. పాత నల్ల ప్లేట్లను మాత్రం పాత సామాన్లవాడికి వేయకండి. చేత్తో రాసిన ఆ అక్షరాలు బండి చరిత్రలో భాగం, రేపు కొనేవాడో ప్రదర్శనలో చూసేవాడో వాటినే ముందు అడుగుతాడు. నూనె గుడ్డతో తుడిచి కాగితంలో చుట్టి ఉంచండి.

ప్లేట్లతోపాటు ముందు అద్దానికి లోపలి వైపు అంటించే మూడో గుర్తు కూడా ఇస్తారు. అది 100×60 మి.మీ. స్టిక్కరు, పెట్రోలు బండికి లేత నీలం రంగు. పీకితే చిరిగిపోయే రకం. బీటిల్ ముందు అద్దం అసలే చిన్నది కనుక ఎడమ పై మూలకు, ఎండ అడ్డు పలక వాలినప్పుడు రాసుకోని చోట అంటించాలి. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండిపోయి పగుళ్లిచ్చి ఉంటే దాన్ని ముందే మార్పించండి, పాత గట్టి రబ్బరు తీసేటప్పుడు అద్దం పగిలితే స్టిక్కరు కూడా దానితోపాటే పోతుంది.